మెట్రో మ్యాప్: రైలు మారే చోట లెక్క ఎలా సరిచేశానంటే

మెట్రో ప్రయాణికుల కోసం ఒక ఆన్‌లైన్ మ్యాప్ చేశాను. ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ చెబితే దారి చూపిస్తుంది. మొదట్లో స్టేషన్ చుక్కలన్నీ ఎక్కడో దూరంగా పడ్డాయి. స్థలాల వివరాలు రాసే జియోజేసన్ ఫైల్‌లో రేఖాంశం ముందు రాయాలి, మ్యాప్‌ను తెరమీద చూపించే లీఫ్లెట్ లైబ్రరీలో అక్షాంశం ముందు. ఆ వరుస తారుమారైంది. అది త్వరగానే తేలింది.

అసలు టెన్షన్ పెట్టింది రైలు మారే స్టేషన్. రెండు లైన్లు కలిసే చోట నేను ఒకే చుక్క పెట్టాను. దాంతో తక్కువ సమయం పట్టే దారిని వెతికే డైక్‌స్ట్రా పద్ధతి ప్లాట్‌ఫాం మారడానికి సున్నా నిమిషాలని లెక్కేసి, రెండుసార్లు రైలు మారే దారినే ముందు చూపించేది. సామాను మోసుకుంటూ మెట్లెక్కేవాళ్లకు అది ఎంత కష్టం!

అందుకని ఆ స్టేషన్‌ను లైన్‌కొకటి చొప్పున రెండు చుక్కలుగా విడగొట్టి, మధ్య గీతకు నడక సమయం ఇచ్చాను. రవాణా సంస్థలు రూట్లు, వేళలు ఇచ్చే జీటీఎఫ్ఎస్ డేటాలో ట్రాన్స్‌ఫర్స్ ఫైల్ ఉంటే ఆ సమయం సెకన్లలో దొరకొచ్చు. లేనిచోట నేనే నడిచి చూసి, పెద్దవాళ్ల నడకకు తగ్గట్టు కాస్త పెంచాను. తెరమీద మాత్రం రెండూ ఒకే స్టేషన్‌గా కనిపిస్తాయి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు లిఫ్ట్ దారి విడిగా చూపించాలి. ఇప్పుడు ఆ పనిమీదే ఉన్నాను.