షాట్, కోణం ఎంచుకునే ముందు జాగ్రత్తలు

కెమెరా ఎత్తే ముందు చిత్రంలో వ్యక్తి ముఖ్యమా, పరిసరాలు ముఖ్యమా అన్నది తేల్చుకోవాలి. పరిసరాలతో సహా దూరం నుంచి చూపే లాంగ్ షాటా, ముఖాన్ని దగ్గరగా చూపే క్లోజప్పా అన్నది దానిని బట్టే ఉంటుంది.

క్లోజప్ కోసం 24 మి.మీ. వంటి, ఎక్కువ మేర చూపే వైడ్ లెన్సుతో మరీ దగ్గరకు వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్లుగా కనిపిస్తాయి కనుక, ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న) కెమెరాలో 85 మి.మీ. లెన్సు అమర్చుకుని కాస్త దూరం నుంచి తీయడం మేలు.

సుమారు నడుము నుంచి పైకి చూపే మీడియం షాట్‌లో ఫ్రేము అంచు మోచేయి, మణికట్టు వంటి కీళ్ల దగ్గర పడకూడదు.

కింది నుంచి పైకి చూస్తూ తీసే లో యాంగిల్‌లో వెనుక వెలుగు నిండిన ఆకాశం వస్తే ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుగు మోతాదును) ముందే పెంచుకోవాలి. పై నుంచి కిందికి చూస్తూ తీసే హై యాంగిల్ కోసం ఎత్తున నిలబడేటప్పుడు కాలి కింద పట్టును, మెడలోని కెమెరా పట్టీని సరిచూసుకోవాలి. వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే కెమెరా కిటికీలో) చూస్తూ వెనక్కి అడుగు వేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. కావాలని వంచితే తప్ప క్షితిజరేఖ సమంగా ఉండాలి. కొద్దిపాటి వంపు పొరపాటుగానే కనిపిస్తుంది.