కెర్నెల్ మారిన తరువాత బూట్ వేరియబుల్స్ అందకపోతే ఏం చేయాలి

ఒంగోలులోనో, కావలిలోనో కాలేజీ ల్యాబు చూసుకునేవారికి, విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లో లినక్స్‌కు మూలభాగమైన కెర్నెల్‌ను అప్‌గ్రేడ్ చేసి, ఏ సిస్టం ముందు లేవాలో చెప్పే బూట్ వరుస సరిచేయబోయినప్పుడు, ఈ సిస్టంలో ఈఎఫ్ఐ వేరియబుల్స్‌కు సపోర్టు లేదనే సందేశం ఎదురుకావచ్చు. ఈఎఫ్ఐ వేరియబుల్స్ అంటే బూట్ వరుస వంటి సెట్టింగులను మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ దాచుకునే విలువలు. అంతమాత్రాన మదర్‌బోర్డు పోయిందనుకోవద్దు, లినక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికీ తొందరపడవద్దు.

అప్‌గ్రేడ్ తరువాత కంప్యూటర్‌ను రీబూట్ చేశారా అన్నది మొదట చూడండి. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు కొత్త కెర్నెల్‌తో పాటే పాత మాడ్యూళ్లను (కెర్నెల్ అవసరమైనప్పుడు ఎక్కించుకునే భాగాలను) తీసేస్తాయి కాబట్టి, నడుస్తున్న పాత కెర్నెల్‌కు ఈ వేరియబుల్స్‌ను ఫైళ్లలా చూపే ఈఎఫ్ఐవార్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ దొరకదు. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్, లిబ్ ఫోల్డర్లోని మాడ్యూళ్ల వెర్షన్ ఒకటి కాకపోతే రీబూట్ ఒక్కటే మందు.

రీబూట్ తరువాతా అదే సందేశం వస్తే, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందో లేదో చూడండి. అది లేదంటే సాధారణంగా యంత్రం పాత బయోస్ పద్ధతిలో లేచిందని అర్థం. సెటప్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ చేయాలి. అది ఉండి, అందులోని ఈఎఫ్ఐవార్స్ ఖాళీగా కనిపిస్తే, రూట్ (అడ్మినిస్ట్రేటర్) అధికారంతో ఈఎఫ్ఐవార్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌ను మోడ్‌ప్రోబ్ అనే కమాండ్ ద్వారా ఎక్కించి, అదే పేరున్న ఫైల్ సిస్టంను ఈఎఫ్ఐవార్స్ ఫోల్డర్ మీదే మౌంట్ చేస్తే (జోడిస్తే) చాలా సందర్భాల్లో పని అయిపోతుంది. మౌంట్ కూడా కుదరకపోతే బూట్ పారామీటర్లలో (లేచేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాల్లో) ఈఎఫ్ఐ సేవలను ఆపేసే నోఈఎఫ్ఐ ఉందేమో వెతకండి. ఆలస్యం లేకుండా స్పందించాల్సిన పనులకు వాడే రియల్‌టైమ్ కెర్నెల్‌లో, ఈ వేరియబుల్స్‌ను అందించే ఫర్మ్‌వేర్ రన్‌టైమ్ సేవలు మామూలుగానే ఆపి ఉంటాయి. ఈఎఫ్ఐ పారామీటర్‌కు రన్‌టైమ్ అనే విలువ ఇస్తే తిరిగి వస్తాయి.

సొంత స్క్రిప్టులు వాడేవారు మరొకటి గమనించాలి. ఈఎఫ్ఐ కింద వార్స్ అనే పాత ఫోల్డర్‌ను 2022లో వచ్చిన 6.0 కెర్నెల్‌తో తొలగించారు. దాన్ని చదివే స్క్రిప్టును ఈఎఫ్ఐవార్స్ వైపు మార్చక తప్పదు.

చదవడం కుదిరి, రాయడం మాత్రం కుదరక స్థలం చాలదని వస్తే, డిస్కులో ఎన్ని జీబీలు ఖాళీ ఉన్నా ప్రయోజనం లేదు. నిండింది మదర్‌బోర్డులోని చిన్న మెమరీ. కొన్ని లాప్‌టాప్‌లు ఆ మెమరీ నిండి మళ్లీ లేవకుండా పోయిన అనుభవంతో, కెర్నెల్ అందులో సుమారు 5 కేబీ ఎప్పుడూ మిగిల్చి ఉంచుతుంది. ఆ కాపలాను పారామీటర్‌తో తీసేయమని ఇచ్చే సలహాను పాటించకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఈఎఫ్ఐవార్స్ ఫోల్డర్‌లో డంప్ అనే మాటతో మొదలయ్యే పాత క్రాష్ రికార్డులుంటే, వాటిని వేరేచోట దాచుకుని, వాటినే తొలగించి, రీబూట్ చేయండి.

మిగతా వేటినీ ముట్టుకోవద్దు. ఆ ఫోల్డర్‌లోనివి ఫైళ్లలా కనిపించినా ఫర్మ్‌వేర్‌కు ప్రాణాధారాలు. అందుకే 2016 నుంచి వాటిలో చాలావాటికి చెరిపేందుకు వీల్లేని గుర్తు పెడుతున్నారు. ఆ గుర్తును తీయాల్సి వస్తే ఒక్క వేరియబుల్‌కే, దాని పేరు రెండుసార్లు చదువుకున్నాకే తీయండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేసవి మధ్యాహ్నమైతే, యూపీఎస్ లేకుండా ఆ రాతకు పూనుకోవద్దు.