ఇంటి సాస్‌లు, నాలుగో పాఠం: పెరుగు మిక్సీలోకి వెళ్లకూడదు

ఈ వారం చింతపండు సాస్ చెప్పాలి. చెప్పడం లేదు. పోయిన పాఠంలో చెప్పిన కొత్తిమీర పెరుగు సాస్ చాలా ఇళ్లలో పాడైంది. అది సరిచేయకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

బొబ్బిలి నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసి, "అప్పా, గరిటెతో తీస్తే జారిపోతోంది. మజ్జిగలో కొత్తిమీర వేసినట్టుంది" అంది. శ్రీకాకుళంలో మా వదిన చేసింది మొదట బాగానే ఉందట. మిరపకాయ బజ్జీలు వేగేలోపు గిన్నెలో పైన నీరు తేలిపోయిందట. విజయనగరంలో మా వీధిలోనే ఉండే ఒకావిడ చిన్న డబ్బాలో పట్టుకొచ్చి చూపించారు. వాసన బాగుంది, ఉప్పూ కారమూ సరిపోయాయి, కానీ పలచన. రంగు కూడా నాచులా మారింది. ముగ్గురినీ ఒకటే అడిగాను, పెరుగు ఎక్కడ కలిపారని. ముగ్గురూ మిక్సీ జార్‌లోనే అన్నారు.

తప్పు నాది. "ఆకు రుబ్బాక పెరుగు వేసి కలపండి" అని మాత్రమే రాశాను. ఎందులో వేయాలో, దేనితో కలపాలో రాయలేదు. ఆకు ముద్ద జార్‌లో ఉంది, పెరుగు గిన్నె పక్కనే ఉంది. ఎవరైనా జార్‌లోనే వేసి ఒక్కసారి తిప్పుతారు. నేను ఎప్పుడూ గిన్నెలో చెంచాతో కలుపుతాను కాబట్టి అది ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట అనిపించలేదు. అందుకే ఈసారి ఈ ఒక్క విషయం మీదే ఎక్కువసేపు ఉంటాను.

పెరుగులో ఎక్కువ భాగం నీరే. చిక్కటి గేదె పెరుగులో కూడా నూటికి ఎనభై పాళ్లు దాటి నీరే ఉంటుంది. మరి అంత నీరున్నది గిన్నె వంచినా కదలకుండా ఎలా నిలబడుతుంది? పాలలో కేసీన్ అనే ప్రోటీన్ ఉంది. తోడు వేశాక పులుపు పెరిగేకొద్దీ ఆ ప్రోటీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని వలలా అల్లుకుంటాయి. ఆ వల సందుల్లో నీరు చిక్కుకుని ఉంటుంది. మనం గట్టి పెరుగు అనేది ఆ వలనే. మిక్సీ బ్లేడు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. రెండు సెకన్లు చాలు, వల ముక్కలు ముక్కలవుతుంది. చిరిగిన వలలో చేప నిలవదు, తెగిన పెరుగులో నీరూ నిలవదు.

"ఒక్క తిప్పే కదా" అని చాలామంది అంటారు. ఆ ఒక్క తిప్పే వద్దంటున్నాను. తిప్పిన వెంటనే చూస్తే సాస్ నున్నగా, అందంగా కనిపిస్తుంది. అదే మోసం. పావుగంట ఆగి చూడండి, అంచుల దగ్గర నీరు ఊరుతుంది. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుందని ఇంకొందరి నమ్మకం. చల్లదనానికి కొంచెం బిగుసుకుంటుంది, నిజమే. కానీ పోయిన చిక్కదనం పూర్తిగా రాదు, బయట పెట్టిన కాసేపటికి మళ్లీ జారుతుంది. కవ్వంతో చిలికినా, హ్యాండ్ బ్లెండర్ పెట్టినా జరిగేది అదే, కాకపోతే కాస్త నెమ్మదిగా. మనం మజ్జిగ చేయడానికి కవ్వం వాడేది ఎందుకో మీకు తెలుసు. సాస్‌కి దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని కావాలి.

ఇంకొక రూపంలో కూడా ఇదే తప్పు వస్తుంది. ఆకు ముద్ద జార్ గోడలకి అంటుకుందని రెండు చెంచాల నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు పెరుగులో పోస్తారు. వృథా చేయకూడదన్న మంచి అలవాటే అది. అయితే ఆ కడిగిన నీళ్లు పప్పులోనో చారులోనో పోయండి. సాస్‌లోకి వద్దు.

పెరుగుతో సాస్ చేసుకునే వేరే ఊళ్లవాళ్లు కూడా ఇదే దారిలో వెళతారు. గ్రీకుల ట్జాట్జికీ అనే సాస్‌కి పెరుగును వడగట్టి, కీరదోసను తురిమి పిండి, చేత్తో కలుపుతారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పచ్చ సాస్‌లో ఏడు రకాల ఆకులు పడతాయి. అందులో మన చుక్కకూరకు బంధువైన పుల్లటి ఆకు కూడా ఒకటి. ఆ ఆకుల్ని సన్నగా తరిగి పుల్లటి మీగడలో కలపడం వాళ్ల పాత పద్ధతి. చుక్కకూర లేతాకులు నాలుగు మన సాస్‌లో వేస్తే కూడా చాలా బాగుంటుంది. నేను వేసినప్పుడు నిమ్మరసం మానేస్తాను.

ఇప్పుడు మొదటి నుంచి మళ్లీ చేద్దాం. ఆకు కడగడం, పెరుగు తోడు పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు. కడిగిన ఆకు తడి ఆరాలి, అంతే.

300 గ్రాముల పెరుగును పలచటి నూలు గుడ్డలో మూటకట్టి, కుళాయికో హుక్‌కో రెండు గంటలు వేలాడదీయండి. ఎండాకాలమైతే జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పుల్లబడిపోతుంది. మా ఇంట్లో గేదె పెరుగుతో 180 గ్రాముల దాకా మిగులుతుంది. దిగిన నీటిని పారబోయకండి, చోడి (రాగి) రొట్టె పిండి ఆ నీటితో కలిపితే రొట్టె మెత్తగా వస్తుంది.

పది, పదిహేను జీడిపప్పు బద్దలు వేడి నీళ్లలో అరగంట నానబెట్టండి. గుండ్లు, అంటే విరగని పప్పు, కొనకండి. ఎలాగూ రుబ్బేదానికి గుండుకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. పలాసలో గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు, నూక వేరుగా అమ్ముతారు. పెద్ద గుండ్లకు సంచుల మీద 240, 320 అని అంకెలు ఉంటాయి. ఒక పౌను (సుమారు 454 గ్రాములు) బరువుకి సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధరా పెద్దది. సాస్‌కి ముక్కలైనా అదే రుచి, అదే మీగడతనం. మాకు కాశీబుగ్గ నుంచి పెద్దమ్మ పంపే పప్పు ఎప్పుడూ ముక్కలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మళ్లీ నాటిన జీడి మొక్క చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటి నుంచి మా ఇంట్లో జీడిపప్పు గింజ కింద పడితే ఏరుకుంటాం.

నానిన పప్పును ముందుగా ఒక్కదాన్నే చిన్న జార్‌లో, రెండు చెంచాల చల్లటి నీళ్లతో రుబ్బండి. రెండు వేళ్ల మధ్య రాస్తే నూక తగలకూడదు. ఆకుతో కలిపి రుబ్బితే పప్పు నలిగేసరికి ఆకు వేడెక్కిపోతుంది. పెరుగు తిననివాళ్లు ఈ పప్పు రెండింతలు చేసి, పెరుగు లేకుండా కూడా సాస్ చేసుకోవచ్చు. దాన్ని మిక్సీలో ఎంత తిప్పినా పలచబడదు, ఎందుకంటే అక్కడ చిక్కదనం ఇచ్చేది వల కాదు, పప్పులోని కొవ్వూ పిండీ.

తర్వాత ఆకు. పెద్ద కొత్తిమీర కట్ట ఒకటి, లేత కాడలతో సహా. కాడలోనే రుచి ఎక్కువ, పారేయకండి. పుదీనా ఆకులు ఇరవై, కాడలు మాత్రం వద్దు. రాజాం నుంచి ఒకరు సాస్ చేదొచ్చిందన్నారు, అడిగితే పుదీనా కాడలు, నిమ్మ గింజ ఒకటి కలిసి నలిగాయట. పచ్చిమిర్చి రెండు.

నాచు రంగు సంగతి ఇక్కడే తేల్చేస్తాను. ఆకు నలిగి గాలి తగిలితే ఆకులోని ఎంజైమ్ వల్ల నల్లబడుతుంది. పుదీనాలో ఇది మరీ ఎక్కువ. మరుగుతున్న నీళ్లలో పుదీనాను పదిహేను సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేస్తే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుంది. కొత్తిమీరను నేను ముంచను. రంగు ఇంకాస్త నిలుస్తుంది కానీ వాసన తగ్గుతుంది, నాకు వాసనే ముఖ్యం. రెండో కారణం పులుపు. పులుపు తగిలిన కొద్దీ ఆకుపచ్చదనం ముదురు ఆలివ్ రంగుకు తిరుగుతుంది. పెరుగు కూడా పులుపే కాబట్టి ఈ సాస్ ఏ రోజుది ఆ రోజే. పొద్దున చేసి రాత్రికి దాచి, రంగు పోయిందని బాధపడకండి.

పప్పు ముద్ద ఉన్న జార్‌లోనే ఆకు, మిర్చి, ఒక ఐసు ముక్క వేసి ఆపి ఆపి తిప్పండి. జార్ అడుగు ముట్టుకుంటే చల్లగానే ఉండాలి. ముద్ద అయిపోయాక జార్ పని అయిపోయింది. మిక్సీ స్విచ్ ఆపేసి, ప్లగ్ కూడా పీకేసి, అప్పుడు మూత తీయండి. నేను నేర్పేటప్పుడు అలాగే చేయిస్తాను, చేయి అలవాటుగా మళ్లీ స్విచ్ మీదికి వెళ్లకుండా.

వెల్లుల్లి ఒక్క రెబ్బ, చిన్నది. దంచి, అర చెంచా నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచితే ఘాటు తగ్గుతుంది. అది వడగట్టిన పెరుగులో వేయండి, ఆకులో కాదు.

ఇక కలపడం. వెడల్పు గిన్నెలో పెరుగు ఉంది. అందులోంచి రెండు చెంచాలు తీసి ఆకు ముద్దలో వేసి, ముద్దను కాస్త వదులు చేయండి. ఆ ముద్దను పెరుగులోకి మూడు విడతలుగా వేసి, చెంచాను అడుగు నుంచి పైకి తెస్తూ మడతపెట్టినట్టు కలపండి. గుండ్రంగా గిలక్కొట్టకండి. అక్కడక్కడ తెల్ల చారలు మిగిలినా ఆపేయండి. ఉప్పు వడ్డించే ముందు. ఉప్పు కూడా పెరుగులోంచి నీటిని లాగుతుంది, మా వదిన గిన్నెలో నీరు తేలడానికి సగం కారణం అదే. చిటికెడు పంచదార నేను వేస్తాను, మీరు మానేయొచ్చు.

ఇప్పటికే పలచబడిన సాస్ ఇంట్లో ఉంటే పారబోయకండి. పుట్నాల పప్పు పొడి ఒక చెంచా కలిపి పది నిమిషాలు ఆగితే నిలబడుతుంది. రుచి కొంచెం చట్నీ వైపు వెళుతుంది, దోశలోకి బాగుంటుంది. నానిన జీడిపప్పు మెత్తగా రుబ్బి కలిపితే ఇంకా మంచిది. సాస్‌ను మళ్లీ గుడ్డలో కట్టొద్దు, పచ్చటి రసం అంతా కిందికి దిగిపోతుంది.

అభ్యాసం. ఇది కాస్త కష్టమైనదే ఇస్తున్నాను, టెన్షన్ పడకండి, మూడు రోజుల్లో పూర్తవుతుంది. మొదటి రోజు గేదె పెరుగు, రెండో రోజు ఆవు పెరుగు, మూడో రోజు ప్యాకెట్ పెరుగు తీసుకోండి. ప్రతి రోజూ పెరుగును రెండు సమాన భాగాలు చేయండి, రెండు చెంచాల ఆకు ముద్దను కూడా సగం సగం. ఒక భాగాన్ని చెంచాతో కలపండి. రెండోదాన్ని మిక్సీలో రెండు సెకన్లు, అంతకంటే ఎక్కువ కాదు, తిప్పండి. ఒక్కొక్కటి ఒక పళ్లెంలో చెంచాడు కుప్పగా పెట్టి, పళ్లెం కింద ఒక వైపు అగ్గిపెట్టె పెట్టి వాలుగా ఉంచండి. పది నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు చూసి, వాలు చివర చేరిన నీటిని చెంచాతో తీసి కొలవండి. అర చెంచానా, ముప్పావు చెంచానా అన్నది నోటుబుక్కులో రాయండి. వంటింట్లో ఫ్యాన్ గాలికి నీరు ఆరిపోకుండా పళ్లెం మీద గిన్నె బోర్లించండి.

మూడు పెరుగుల్లో ఏది ఎక్కువ నీరు వదిలిందో ముందే ఊహించి పక్కన రాసుకోండి. మొత్తం పద్దెనిమిది కొలతలు వస్తాయి. అవి చేతిలో ఉన్నవాళ్లకు వచ్చే వారం చింతపండు సాస్ చెబుతాను. అందులోనూ పెరుగు ఉంది.