రాజమండ్రిలో పది గంటల గ్యాప్: గే ప్రయాణికుడు ఊరు ఎలా చూడాలి?

పొద్దున్న పదిన్నరకి ఒక రైలు బండి దిగుతారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంకో బండి. మధ్యలో రాజమండ్రి. ఆడిట్ ఉద్యోగం మూలాన ఆరేళ్లుగా నెలకు రెండుసార్లు నాది ఇదే పరిస్థితి. మనలాంటి కుర్రాళ్లు ఈ గ్యాప్‌ని ఎలా తగలేసుకుంటారో చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

వెయిటింగ్ హాల్లో చార్జింగ్ పాయింట్ పక్కన చతికిలబడతారు. డేటింగ్ యాప్ తెరుస్తారు. "హాయ్", "ఎక్కడ?", "ప్లేస్ ఉందా?" ఈ మూడు మాటలతోనే సాయంత్రం అయిపోతుంది. కూతవేటు దూరంలో గోదారి ఉంటుంది, దాని మొహం కూడా చూడరు. ఆఖరికి ఏడింటికి ఎవడో రమ్మంటే ఊరూ పేరూ తెలియని సందులోకి టెన్షన్‌గా పరిగెడతారు. ఊరు చూసుకోవడం మొదటి పని, మనిషిని కలవడం రెండో పని. ఈ వరస తిరగేస్తే రెండూ చెడతాయి.

సామాను

మెయిన్ స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెద్ద బ్యాగు పెట్టేయండి. బ్యాగుకి తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. టికెట్, ఐడీ చూపించాలి. రసీదుకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. జేబులో ఐదొందల నోటు, చిల్లర, పవర్ బ్యాంక్. అంతే.

రూమ్ తీసుకోవాలా అని అందరూ అడుగుతారు. నేను తీసుకోను. పది గంటల కోసం వచ్చి నాలుగు గోడలు చూడటమేమిటి? స్నానం కావాలంటే పీఎన్ఆర్ నంబరుతో రైల్వే రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకోవచ్చు. ఇద్దరు కలిసి ప్రయాణిస్తూ లాడ్జి చూసుకుంటే మాత్రం అనవసరంగా భయపడకండి. ఇద్దరు మగవాళ్లు ఒక రూమ్ అడిగితే ఇక్కడ కౌంటర్‌లో మనిషి తలెత్తి కూడా చూడడు. మెడికల్ రెప్పులు, పెళ్లికొచ్చిన బావాబావమరుదులు రోజూ దిగే ఊరిది. అడ్డం పడేది ఇంకోటి: ఆధార్ మీద అదే ఊరి అడ్రస్ ఉంటే చాలా లాడ్జిలు రూమ్ ఇవ్వవు. కాబట్టి "రూమ్ నువ్వు బుక్ చెయ్యి, నాది లోకల్ ఐడీ" అని అవతలివాడు అంటే అది నిజమే కావచ్చు. కావచ్చు అంటున్నాను, గుర్తుపెట్టుకోండి.

ఆటోలో కూర్చోవడం

ఇదేం పెద్ద పని అనుకోకండి. గోదావరి జిల్లాల మర్యాద ఎంత తియ్యగా ఉంటుందో, ఆరా అంత లోతుగా ఉంటుంది. 

"ఏ ఊరండీ మనది?"

"విశాఖపట్నమండి."

"పెళ్లయ్యిందాండీ?"

ఇక్కడ చాలామంది "సంబంధాలు చూస్తున్నారండి" అంటారు. పెద్ద పొరపాటు. ఆయన దగ్గర బావమరిది కూతురు ఒకమ్మాయి సిద్ధంగా ఉంటుంది, బీటెక్ కూడా చదివి ఉంటుంది. "లేదండి, మీకెంతమంది పిల్లలండీ?" అని ఎదురు ప్రశ్న వెయ్యండి. ధవళేశ్వరం దాకా ఆయనే మాట్లాడతాడు. ఇంటిపేరు మాత్రం చెప్పకండి. డెల్టాలో ఇంటిపేరు, ఊరిపేరు కలిపితే మూడో ప్రశ్నకి చుట్టరికం తేలుతుంది. అమలాపురంలో మీ మేనమామ ఉన్నాడన్న సంగతి మీకంటే ముందు ఆయనే చెబుతాడు.

ఊరు

ముందు రోజ్ మిల్క్. మెయిన్ రోడ్డులో, చల్లగా, మధ్యాహ్నం పన్నెండు లోపు. భోజనం అయ్యాక తాగేవాళ్లని నేను లెక్కలోకి తీసుకోను.

తర్వాత కందుకూరి వీరేశలింగం ఇల్లు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. ఎవరు ఎవర్ని పెళ్లాడాలనే మాట మీద ఊరు ఊరంతా విరుచుకుపడిందట అప్పట్లో. 2023 అక్టోబరులో మన పెళ్లిళ్లకి చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు చెప్పిన వారం నేను ఇక్కడే ఉన్నాను. ఆ ఇంటి ముందు కాసేపు ఊరికే నిలబడ్డాను.

దామెర్ల రామారావు చిత్రశాలని మాత్రం వదలకండి. 1897లో పుట్టి 1925లో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ వయసుకి ఆ గీత! ఒక గంట కేటాయించండి. ఫోన్ జేబులోనే ఉంచండి.

గ్యాప్ ఆరు గంటలకంటే ఎక్కువ ఉంటేనే ధవళేశ్వరం. షేర్ ఆటోలు దొరుకుతాయి. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట వల్లే కింద డెల్టా అంతా పచ్చబడింది. ఆయన పేరున మ్యూజియం ఉంది. అక్కడికి దిగువనే గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. పాపికొండల బోటు ఎక్కుదామనే ఆలోచన మానుకోండి, దానికి ఒక రోజంతా కావాలి.

మనిషిని కలవడం

అసలు చెడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ముందు దూరం సంగతి. యాప్‌లో "మూడు కిలోమీటర్లు" అని కనిపిస్తుంది. అది కాకి ఎగిరే దూరం. ఆ మూడు కిలోమీటర్లలో గోదారి ఉంటుంది. అవతలివాడు కొవ్వూరులో ఉంటాడు. రోడ్డు కమ్ రైలు వంతెన రోడ్డు ఒక్కటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ట్రాఫిక్ పడితే మీ రైలు మీ కాళ్లకిందే, అదే వంతెన కింది అంతస్తులో వెళ్లిపోతుంది. రైలు ఉన్న రోజు ఏరు దాటొద్దు. అలాగే మీ ప్రొఫైల్‌లో దూరం కనిపించకుండా ఆపేయండి. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే "యాభై మీటర్లు" అని చూపించే సౌకర్యం మనకి అక్కర్లేదు.

రెండోది, మొహం. గోదారి పులస చేప అని చెప్పి ఒడిశా విలస అంటగట్టడం ఈ ప్రాంతంలో తెలియనివాడు లేడు. ప్రొఫైళ్లూ అంతే. ఫొటోలు పంపడం కాదు, ఒక్క నిమిషం వీడియో కాల్ అడగండి. కెమెరా పాడైందన్నా, నెట్ లేదన్నా, ఇంట్లో అందరూ ఉన్నారన్నా సరే అని ఊరుకోండి. పాపం నిజంగానే ఇంట్లో అందరూ ఉండొచ్చు. డెల్టాలో ఉమ్మడి గోడల ఇళ్లల్లో పెరిగినవాణ్ణే నేను కూడా, ఆ బాధ నాకు తెలుసు. అయినా కలవొద్దు. ఆయన మంచివాడైతే వచ్చేసారి కలుస్తారు.

మూడోది, చోటు. చోటు మీరు చెప్పాలి, ఆయన కాదు. పట్టపగలు, నలుగురు తిరిగేచోట. నా చోటు పుష్కర ఘాట్, హారతికి ముందు. జనం ఉంటారు, పోలీసులు ఉంటారు, పల్లీలమ్మే ఆవిడ ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు భుజం మీద చెయ్యేసుకుని మెట్లమీద కూర్చుంటే ఇక్కడ స్నేహమనే అనుకుంటారు. అంతవరకు హాయి. చీకటిపడ్డాక జనం లేని మెట్లవైపు వెళ్దామంటే లేచి టీ తాగుదామనండి. రాత్రిపూట నిర్మానుష్యమైన చోట్లలో తిరగడమే అసలైన మజా అని వాదించే పాతకాపులు కొందరున్నారు. వాళ్లతో వాదించి అలిసిపోయాను. వాళ్ల పద్ధతిలో ఊరూ కనపడదు, మనిషి మొహమూ కనపడదు.

చివరి నిమిషంలో చోటు మారిస్తే, అదెంత చిన్న మార్పైనా, వెళ్లొద్దు. "ఘాట్ దగ్గర మా బాబాయి ఉన్నాడు, ఈ సందు చివరికి రా, బైక్ మీద తీసుకెళ్తా." ఈ వాక్యం నాకు నాలుగేళ్ల కింద వచ్చింది, రాజమండ్రిలో కాదు, ఇంకో ఊళ్లో. వెళ్లాను. అబ్బాయి వీడియో కాల్‌లో కనిపించినవాడే, నవ్వుతూనే ఉన్నాడు. బండి ఎక్కాను. కట్టడం సగంలో ఆగిపోయిన ఇల్లు, పైన సిమెంటు బస్తాలు. ఐదు నిమిషాలకి ముగ్గురు వచ్చారు. ఒకడు వీడియో తీస్తూ, "తేడాగాడివా? మీ నాన్న నంబరు చెప్పు" అన్నాడు. పదకొండు వేలు ఫోన్‌లోంచి పంపించుకున్నారు. నేను ఆ సొమ్ము గురించి బాధపడలేదు. బండి వెనక కూర్చున్న క్షణంలో చెప్పుల కింద గులకరాళ్ల చప్పుడు విని "ఇది తప్పు" అని తెలిసి కూడా మొహమాటపడి దిగలేదు, దాని గురించి ఇప్పటికీ బాధే. మర్యాదగా ఉండాలనుకున్నాను. మన గోదారోళ్ల రోగం అది.

కాబట్టి మొదటి కలయికలో ఎవరి బైకూ ఎక్కొద్దు. ఎవరి ఫ్రెండ్ రూమ్‌కీ వెళ్లొద్దు. మీ ఫోన్‌లో పేమెంట్ యాప్‌కి వేరే అకౌంట్ తగిలించి, అందులో రెండు వేలకు మించి ఉంచకండి. పెద్ద అకౌంట్ యాప్ ఆ రోజుకి తీసేయండి. ఎక్కడున్నారో ఒక్క స్నేహితుడికైనా లైవ్ లొకేషన్ పంపండి. అసలు సంగతి తెలిసిన స్నేహితుడు ఒక్కడూ లేకపోతే, "ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి, బండి మిస్సవకుండా" అని ఎవరికైనా చెప్పినా చాలు.

ఇంత చేసినా ఇరుక్కుంటే వాదించకండి, వీరత్వం చూపించకండి. అడిగింది ఇచ్చి బయటపడండి. బయటికొచ్చాక 112కి, డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి అకౌంట్‌లో ఆగే అవకాశం అంత ఎక్కువ. చాట్ డిలీట్ చేయకండి, బ్లాక్ చేసేముందే స్క్రీన్‌షాట్లు తీయండి. సిగ్గుతో అన్నీ చెరిపేసి, తర్వాత సాక్ష్యం లేదని ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. బండి టైమైపోతోందని భయపడక్కర్లేదు, జీరో ఎఫ్ఐఆర్ ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. మరుసటి రోజు మళ్లీ డబ్బు అడుగుతారు. పంపకండి. ఒకసారి పంపితే నెలనెలా పాలవాడిలా అడుగుతారు.

"పోలీసుల దగ్గరికెళ్తే నన్నే లోపలేస్తారేమో" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వెయ్యరు. ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఒకప్పుడు మనల్ని నేరస్థుల్ని చేసిన పాత 377 సెక్షనే లేదు. బెదిరించి డబ్బు గుంజడం మాత్రం అందులో 308వ సెక్షన్ కింద నేరం. అయితే ఇద్దరికీ పద్దెనిమిది నిండి ఉండాలి, వయసు మీద ఏమాత్రం అనుమానం వచ్చినా నమస్కారం పెట్టి వచ్చేయండి. స్టేషన్‌లో రైటర్ ఎవరైనా వెటకారం చేస్తే సెక్షన్ నంబరు నెమ్మదిగా, "అండి" తగిలించి చెప్పండి. నేను చూసినంతలో గొంతు పెంచడం కంటే అదే పనిచేసింది.

అన్నీ బాగా జరిగి దగ్గరైతే కండోమ్ మీ దగ్గరే ఉండాలి, ఆయన తెస్తాడని కాదు. పొరపాటు జరిగితే 72 గంటల్లోపు పెప్ మందులు (హెచ్ఐవీ సోకకుండా ఆపడానికి వాడేవి) మొదలుపెట్టాలి, వివరాలకి 1097 హెల్ప్‌లైన్.

తిరిగి బండి ఎక్కడం

హారతి అయ్యాక జనం ఒక్కసారిగా కదులుతారు, ఆటోవాళ్లు రేటు రెండింతలు చెబుతారు. చివరి దాకా ఉండకుండా పది నిమిషాల ముందే లేవండి. పూతరేకులు కొనాలంటే ఇప్పుడే, బెల్లంవి మాత్రమే. పంచదారవి తినడం నా దృష్టిలో కాగితం నమలడమే.

ఎక్కాల్సింది రాజమండ్రి స్టేషనా, గోదావరి స్టేషనా అని టికెట్ ఇంకోసారి చూసుకోండి. ఘాట్‌కి దగ్గరగా ఉండేది గోదావరి స్టేషన్. కానీ చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు, పైగా మీ బ్యాగు మెయిన్ స్టేషన్ క్లోక్ రూమ్‌లో ఉంది. పోయిన నెల ఘాట్ దగ్గర కలిసినాయన నాతోపాటు మెయిన్ స్టేషన్ దాకా వచ్చి, ఎస్-4 కిటికీ బయట నిలబడి, రెండు పొట్లాల పల్లీలు చేతికిచ్చాడు. ఇంటిపేరు ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.