మారుమూల టెలిఫోన్ పరికరాలకు బ్యాటరీలు అమర్చడం ఎలా?

ఎక్స్ఛేంజీకి దూరంగా, ఆరుబయట ఇనుప క్యాబినెట్‌లో ఉండే టెలిఫోన్ పరికరాలు సాధారణంగా 48 వోల్టుల డీసీపై నడుస్తాయి. కరెంటు పోయినప్పుడు వాటిని ఆదుకునేందుకు 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగింటిని వరుసగా, అంటే ఒకదాని పాజిటివ్‌ను తర్వాతిదాని నెగటివ్‌కు, కలిపితే సరిపోతుంది.

ముందుగా పరికరం ఎంత కరెంటు తీసుకుంటోందో డీసీ క్లాంప్ మీటరుతో కొలవాలి. అది 5 ఆంపియర్లు తీసుకుంటూ 8 గంటలు నడవాలనుకుంటే 5 × 8 = 40 ఆంపియర్ అవర్ల సామర్థ్యం అవసరం. బ్యాటరీని 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు కనుక అది 50 అవుతుంది. పాతబడేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కనుక మరో 25 శాతం కలుపుకుంటే 62.5 అవుతుంది. అంతకంటే పెద్దగా దొరికే మొదటి సైజు తీసుకోవాలి.

కలిపేటప్పుడు ఫ్యూజు తీసి ఉంచి, పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టిన స్పానరు వాడాలి. కార్లకు అలవాటుపడిన చేతులు ఇక్కడే పొరబడతాయి: టెలిఫోన్ వ్యవస్థలో ఎర్త్ చేసేది కార్లలోలా నెగటివ్‌ను కాదు, పాజిటివ్‌ను, ఎందుకంటే అలా చేస్తే తడి తగిలినచోట రాగి తీగలు తొందరగా తరిగిపోవు.

నా దృష్టిలో అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఛార్జింగ్ వోల్టేజి మీదే. ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు ఒక్కో సెల్లుకు (12 వోల్టుల బ్యాటరీలో ఇవి ఆరుంటాయి) 2.25 నుంచి 2.27 వోల్టులు, అంటే మొత్తం 24 సెల్లులకు 54 నుంచి 54.5 వోల్టులు ఉండాలి. దీన్ని ఛార్జర్ తెరపై చూసి వదిలేయక, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే కొలవాలి. తక్కువైతే ప్లేట్లపై సల్ఫేటు పేరుకుంటుంది, ఎక్కువైతే లోపలి తేమ ఆవిరైపోతుంది. వేడి పెరిగినప్పుడు డిగ్రీకి సెల్లుకు సుమారు 3 మిల్లీవోల్టులు తగ్గించాలి. క్యాబినెట్‌లో 40 డిగ్రీలుంటే మొత్తం మీద ఒక వోల్టు దాకా తగ్గాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది కాబట్టి, బ్యాటరీలను వేడెక్కే పరికరాల పైన కాక కింది అరలో, మధ్యలో గాలి ఆడేలా ఉంచడం మంచిది.

వోల్టేజి 43.2కు పడిపోగానే లోడును, అంటే టెలిఫోన్ పరికరాన్ని, బ్యాటరీల నుంచి తప్పించే కటాఫ్ స్విచ్ తప్పనిసరి.

ఆరు నెలలకోసారి ఛార్జర్ ఆపి, లోడు మీద గంటసేపు నడిపి, నాలుగింటినీ విడివిడిగా కొలవాలి. మూడు 12.2 వోల్టుల దగ్గరుండి ఒకటి 11కు జారితే అదే చెడినట్టు. సెట్టు పాతదైతే ఆ ఒక్కదాన్నే మార్చకూడదు. కొత్తదీ పాతవీ ఒకే వరుసలో సమానంగా ఛార్జ్ కావు కనుక నాలుగింటినీ కలిపి మార్చాలి.