వినికిడి మందుల ట్రయల్‌కు మనుషుల్ని ఎలా చేర్చుకోవాలి?

చెవుడున్న మనిషితో కాసేపు మాట్లాడి చూడండి. సగం మాటలు వినపడకపోయినా తల ఊపుతారు. మళ్లీ మళ్లీ "ఏమన్నారు?" అని అడగడానికి మొహమాటం. కొత్త మందు ట్రయల్‌కు మనుషుల్ని చేర్చుకునేవారు అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఆ తల ఊపు సమ్మతి కాదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఈఎన్‌టీ విభాగాల్లో పనిచేసే కోఆర్డినేటర్ల కోసం, ట్రయల్‌లో చేరమని ఎవరైనా అడిగితే ఏం చూసుకోవాలో తెలియని కుటుంబాల కోసం ఈ వివరాలు.

ముందు కాగితాలు

న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్, 2019 ప్రకారం కొత్త మందు ట్రయల్‌కు కేంద్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవాళ్ల క్షేమం, హక్కులు చూసే కమిటీ) ఆమోదం రెండూ ఉండాలి. మొదటి మనిషిని చేర్చుకునేలోపే సీటీఆర్ఐలో, అంటే దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలుండే రిజిస్టరులో, నమోదు అయిపోవాలి. పోస్టరు, కరపత్రం, వాట్సాప్ మెసేజ్, రేడియో ప్రకటన ఏదైనా సరే, ఎథిక్స్ కమిటీ చూసి ఒప్పుకున్నాకే బయటికి వెళ్లాలి.

ఎంతమంది దొరుకుతారు?

ఊహించి చెప్పకండి. ఓపీ రిజిస్టరు తీసి, గడిచిన ఆరు నెలల్లో "వినపడట్లేదు" అని వచ్చినవాళ్లను లెక్కపెట్టండి. అందులోంచి చెవిలో చీము కారేవాళ్లను, కర్ణభేరికి చిల్లు పడ్డవాళ్లను, గులిమి అడ్డుపడ్డవాళ్లను తీసెయ్యండి. పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఈ జాబితా చిన్నదేం కాదు. లోచెవి కోసం తయారైన మందు వీళ్లకు పనికిరాదు. మిగిలినవాళ్లలో వయసు, షుగరు, వాడుతున్న మందులు అన్నీ ట్రయల్ నిబంధనలకు సరిపోయేవాళ్లు ఎందరో చూడండి. వాళ్లలో సగం మంది ఒప్పుకుంటారని కూడా అనుకోవద్దు. "నెలకు పదిమందిని ఇస్తాం" అని కంపెనీకి రాసిచ్చేస్తే, తర్వాత అంకె కోసం సరిపడని మనిషిని ఇరికించే ఒత్తిడి మొదలవుతుంది.

ఎక్కడ వెతకాలి?

ట్రయల్ ఏ రకం చెవుడు మీద అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

అన్నిటికంటే కష్టమైంది హఠాత్తుగా వచ్చే నరాల చెవుడు (లోచెవి లేదా వినికిడి నరం దెబ్బతిని వచ్చేది). 72 గంటల్లోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో (సన్నని, బొంగురు శబ్దాల స్థాయిల్లో) 30 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) లేదా అంతకంటే ఎక్కువ వినికిడి తగ్గితే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఇలాంటి ట్రయల్స్‌లో చేరడానికి గడువు రోజుల్లోనే ఉంటుంది. పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టు ఉంటే మనవాళ్లు జలుబు అనుకుంటారు, నూనె చుక్కలు వేసుకుంటారు, ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఈఎన్‌టీకి వచ్చేసరికి మూడు వారాలు దాటిపోతుంది. కాబట్టి ఆస్పత్రిలో కూర్చుని ఎదురుచూస్తే లాభం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు, గుంతకల్లు, ప్రొద్దుటూరు లాంటి చోట్ల పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆర్ఎంపీలకు, మందుల షాపులకు ఒక్క పేజీ చార్టు ఇవ్వండి. అందులో ఈ చిన్న పరీక్ష తప్పకుండా ఉండాలి: నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనమనండి. ఆ మోత మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమో జలుబో కావచ్చు. బాగున్న చెవి వైపు వినిపిస్తే నరాల చెవుడని అనుమానించి అదే రోజు పంపాలి. ట్రయల్ కోసం అని, ఈ చెవుడుకు మామూలుగా ఇచ్చే స్టెరాయిడ్ చికిత్సను మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు. ట్రయల్ కంటే మనిషి చెవి ముఖ్యం.

మోత వల్ల వచ్చే చెవుడైతే తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపు చూడాలి. యజమాని ద్వారా పిలిపించకండి. కూలి పోతుందన్న భయంతో చెప్పే "సరే"కు విలువ లేదు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లకు ఆ పొద్దున పరీక్ష చేయకండి. మోత వల్ల వినికిడి తాత్కాలికంగా కూడా తగ్గుతుంది. కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉన్నాకే ఆడియోగ్రామ్ (ఎంత వినపడుతుందో చూపే పటం) తీయాలి.

సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుతో ఇచ్చే కీమో వల్ల వచ్చే చెవుడుకైతే మొదటి డోసుకు ముందే వినికిడి పరీక్ష అయిపోవాలి. ఈ దారిలో ఫలితం కూడా వచ్చింది: పిల్లల్లో ఈ నష్టాన్ని తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్‌కు 2022లో అమెరికాలో అనుమతి దొరికింది.

మనిషిని తెచ్చినందుకు ఆశా కార్యకర్తకో ఆర్ఎంపీకో తలకింత అని ఇవ్వకండి. డబ్బు కోసం వాళ్లు చెప్పే మాట "కొత్త మందంట, చెవుడు పోతాదంట" అని మారిపోతుంది. పోస్టరు మీద "ఉచిత చికిత్స" అని కూడా వేయకండి. "ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తెలుసుకునే పరిశోధన. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని డోసు ఇస్తారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది" అని రాస్తే చాలు. ఫోన్ నంబరు పక్కనే "మెసేజ్ కూడా పంపవచ్చు" అని ఉండాలి. వినపడని మనిషి ఫోన్ ఎత్తడు, కొడుకో కోడలో ఎత్తుతారు, సంగతి సగమే చేరుతుంది.

మొదటి కొలత తప్పితే అంతా తప్పే

2021లో ఎఫ్‌ఎక్స్-322 అనే మందు ట్రయల్‌లో ఇదే జరిగింది. మందు లేని డోసు తీసుకున్నవాళ్లకు కూడా అనుకోనంతగా వినికిడి మెరుగైనట్టు కనిపించింది. చేరాలన్న ఆశతో కొందరు మొదటి పరీక్షలో ఉన్నదానికంటే ఎక్కువ చెవుడు చూపించి ఉంటారన్నది ఆ తర్వాత తేలిన అనుమానం. మన దగ్గర దానికి ఇంకో కారణం తోడవుతుంది. వికలాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం ఉండాలి కాబట్టి, ఇక్కడ బాగా విన్నట్టు తేలితే పింఛను పోతుందేమోనని భయపడతారు. ట్రయల్ ఫలితాలు పింఛను ఆఫీసుకు వెళ్లవని మొదటే చెప్పండి. ట్రయల్ అర్హతకు ఎన్ని డెసిబెల్స్ కావాలో మాత్రం ముందుగా చెప్పకండి. ప్యూర్ టోన్ పరీక్ష (హెడ్‌ఫోన్లలో శబ్దాలు వినిపించి, వినపడగానే చెప్పమనే పరీక్ష) వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయండి. 5 డెసిబెల్స్ తేడా మామూలే. 15 దాటితే మూడోసారి చేయండి, అనుమానం తీరకపోతే బెరా పరీక్షకు (మనిషి జవాబుతో పనిలేకుండా శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందనను కొలిచేది) పంపండి.

మాటలు గుర్తుపట్టే పరీక్షకు తెలుగు పదాల జాబితానే వాడాలి, అందులోని పదాలు ఇక్కడివాళ్లకు తెలిసినవై ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కర్నూలు, కడప వాసికి, కన్నడం మాట్లాడే ఆదోని పక్క పల్లె మనిషికి తెలుగు జాబితాతో పరీక్ష పెడితే కొలిచేది వినికిడిని కాదు, భాషను.

సమ్మతి

ఇక్కడ తొందరపడితే పైన చేసినదంతా వృథా. ఓపీ గోలలో వద్దు. ఫ్యాను చప్పుడు లేని గదిలో, వెలుతురు మీ ముఖం మీద పడేలా, మాస్కు లేకుండా, మూడు అడుగుల దూరంలో ఎదురుగా కూర్చోండి. కేకలు వేయకండి, నిదానంగా మాట్లాడండి. వినికిడి యంత్రం ఉంటే బ్యాటరీ ఉందో లేదో చూడండి. లేకపోతే చేతి ఆంప్లిఫయర్ ఇవ్వండి. సైగల భాష వాడేవాళ్లకు దుబాసీ కావాలి. ఇంటిమనిషి ఆ పనికి సరిపోరు, ఎందుకంటే వాళ్లకు వాళ్ల అభిప్రాయం ఉంటుంది.

ఒక్కో విషయం చెప్పాక "అర్థమైందా?" అని అడగకండి. "ఇంటికెళ్లాక మీ ఆమెకు దీని గురించి ఏం చెప్తారు?" అని అడగండి. "ఇంజెక్షన్ వేస్తారు, చెవి బాగవుతుంది" అని జవాబొస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.

సమ్మతి పత్రంలో వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు అడుగుతారు. నామినీ అనగానే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. "అంటే నేను చచ్చిపోతానా?" అన్న ప్రశ్న న్యాయమైనది. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితమని, పరిహారం చెల్లించాల్సిన బాధ్యత ట్రయల్ నడిపేవాళ్లకు ఉందని, ఆ వివరాలు అందుకోసమేనని దాచకుండా చెప్పండి. చదవడం రానివారికి చివరిదాకా పక్కన కూర్చునే సాక్షి ఉండాలి, ఆ సాక్షి ట్రయల్ సిబ్బందిలో ఒకరు కాకూడదు. సరికొత్త రసాయన మందు ట్రయల్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్లు చేరితే సమ్మతి మాటలను వీడియో తీయాలి. సంతకమైన పత్రం కాపీ ఒకటి వాళ్ల చేతికివ్వండి. ఒక రాత్రి ఆలోచించుకుంటామంటే గడువు ఉన్నంతవరకు పంపండి.

చేరినవాళ్లు జారిపోకుండా

ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. బస్సు చార్జీ, తోడు వచ్చినవాళ్ల చార్జీ, ఆ రోజు కూలి ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న మేరకు అదే రోజు చేతికివ్వండి. నెలాఖరు బిల్లులంటే రెండో విజిట్‌కు రారు. తేదీలు వేసేటప్పుడు సేద్యం క్యాలెండరు పక్కన పెట్టుకోండి. వేరుశనగ పీకే అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం పల్లెల నుంచి ఎవరూ కదలలేరు. కోసిగి వైపు కుటుంబాలు మిరపకాయ కోతకు గుంటూరు వెళ్లిపోతాయి. వలస వెళ్లే నెల ఏదో చేర్చుకునే రోజే అడిగి, ఆ నెలలో విజిట్ పడుతుంటే ఆ మనిషిని ఈ ట్రయల్‌లో చేర్చుకోకపోవడమే మంచిది. వద్దన్నవాళ్లు, సరిపోనివాళ్లు ఎందుకు చేరలేదో స్క్రీనింగ్ రిజిస్టరులో ఒక్క లైను రాయండి. నాలుగు వారాలకోసారి ఆ గడి చదివితే అడ్డంకి దూరమా, భయమా, మన వివరణా అన్నది బయటపడుతుంది.