అయిదొందల ఏళ్ల నాటి గ్రీకు అచ్చు పుస్తకం చదవడం ఎలా?

గ్రీకు అక్షరమాల నేర్చుకున్నారు, కాస్త వ్యాకరణం కూడా వచ్చింది, ఆ ఉత్సాహంలో ఏ డిజిటల్ లైబ్రరీలోనో 1502 నాటి సోఫోక్లీస్‌నో 1513 నాటి ప్లేటోనో తెరిచారు. ఒక్క లైను కూడా ముందుకు సాగదు. టెన్షన్ పడకండి, అక్కడున్నవి మీకు తెలిసిన 24 అక్షరాలే, చేతిరాత రూపంలో ఉన్నాయి, అంతే.

ఈ రెండు పుస్తకాలూ వెనిస్‌లో అల్డుస్ మనూటియుస్ ప్రెస్సువి. ఆయన గ్రీకు టైపులు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో. ఆనాటి గ్రీకు పండితులు కలం ఎత్తకుండా గబగబా రాసే గొలుసుకట్టు రాతనే సీసంలో పోశారు కాబట్టి రెండు మూడు అక్షరాలు ఒకే అచ్చుముక్కగా అతుక్కుని వస్తాయి. మనకు ఒత్తులు పడితే అక్షరం రూపు మారినట్టే ఇదీ. పైగా అ, ఇ లాంటి అచ్చుల నెత్తిన స్వరం గుర్తు, పదం మొదట్లో హకారం ఉందో లేదో చెప్పే గుర్తు. నికొలా జెన్సన్ అనే ముద్రాపకుడు అదే వెనిస్‌లో 1471 నుంచి వాడిన గ్రీకు టైపు దీనికంటే ఎంతో తేటగా ఉంటుంది, చదవడానికి నాకైతే అదే హాయి. కానీ నిలిచింది అల్డుస్ పద్ధతే. ఆ అతుకు అక్షరాలు 18వ శతాబ్దం దాకా యూరప్ ముద్రణలో కొనసాగాయి కాబట్టి ఇప్పుడు పడే శ్రమ మూడు శతాబ్దాల పుస్తకాలకు పనికొస్తుంది.

మొదలుపెట్టాల్సింది మాత్రం ప్లేటోతో కాదు. కాన్‌స్టంటైన్ లాస్కరిస్ రాసిన గ్రీకు వ్యాకరణంతో. అల్డుస్ దాన్ని 1495లో వేశాడు, తర్వాత మళ్లీ మళ్లీ వేశాడు. వీటిలో 1512 నాటి ముద్రణ వెతికి పట్టుకోండి, మ్యూనిక్‌లోని బవేరియా స్టేట్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల అల్డుస్ పుస్తకాల స్కాన్లు ఉచితంగానే చూడొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే అందులో అక్షరాల వివరణ, గ్రీకులు ఎక్కువగా వాడే సంక్షిప్త రూపాల పట్టిక ఇచ్చారు. అంటే తాళంచెవి కూడా అల్డుసే ఇచ్చాడు, ఆ పట్టిక పేజీ ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

అదే పుస్తకంలో లాటిన్‌తో సహా పరలోక ప్రార్థన ఉంటుంది. చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు నోటికి వచ్చిందే, మిగతావాళ్లు ఒకసారి తెలుగులో చదువుకుని రండి. ఇప్పుడు స్కాన్‌ను బాగా జూమ్ చేసి మొదటి నాలుగు లైన్ల మీదే కూర్చోండి. నీ నామం, నీ రాజ్యం, నీ చిత్తం అని మూడుసార్లు వస్తుంది కదా, గ్రీకులో ఆ ‘నీ’ అన్నది ‘సూ’, నామవాచకం తర్వాత వస్తుంది. సిగ్మా, ఒమిక్రాన్, ఉప్సిలాన్. ఈ చివరి రెండూ కలిసిపోతే కింద సున్నా, దాని నెత్తిన రెండు కొమ్ములు, పైభాగం తెరిచిన 8 అంకెలా కనిపిస్తుంది. దాన్ని ఒక్కసారి గుర్తుపడితే పేజీ నిండా అదే కనిపిస్తుంది.

తర్వాత ‘కై’, అంటే ‘మరియు’. దీనికి ఒకటి కంటే ఎక్కువ రూపాలు ఉంటాయి, ఒకచోట విడి అక్షరాలతో, ఇంకోచోట తోక తిరిగిన ఒకే గుర్తుగా రావచ్చు, కాబట్టి ఆకారం బట్టీ పట్టకుండా వాక్యంలో దాని చోటును బట్టి పట్టుకోండి. సిగ్మా, టౌ కలిస్తే పదం చివర వచ్చే సిగ్మాలా ఉండి పైగీత కాస్త కుడికి సాగుతుంది, పదం మధ్యలో అలాంటిది కనిపిస్తే అదే. కొందరు బోల్తాపడేది పై (π) అనే అక్షరం దగ్గర: ఒమెగా మీద అడ్డగీత పెట్టినట్టుండే రూపం కూడా పై అక్షరమే. విరామ చిహ్నాల్లో గుర్తుంచుకోవాల్సింది ఒకటే, మన సెమికోలన్ లాంటిది గ్రీకులో ప్రశ్నార్థకం.

చదివిన ప్రతి లైనునూ ఆధునిక లిపిలో చేత్తో తిరగరాయండి. ఇది దాటేస్తే మిగతాదంతా వృథా, ఎందుకంటే కన్ను ఊహించి పోతుంది, చెయ్యి మాత్రం ప్రతి అక్షరం దగ్గరా ఆగుతుంది.

పుస్తకం ఎప్పటిదో తెలియాలంటే చివరి పేజీలకు వెళ్లాలి, ముద్రాపకుడి పేరు, ఊరు, తేదీ అక్కడుంటాయి. ఇక్కడో చిక్కు ఉంది. వెనిస్‌లో సంవత్సరం మార్చి 1న మొదలయ్యేది. లాస్కరిస్ వ్యాకరణం మొదటి ముద్రణలోనే ఒకచోట 1494 ఫిబ్రవరి ఆఖరి రోజు అనీ, అనుబంధం చివర 1495 మార్చి 8 అనీ ఉంటుంది. ఏడాది తేడా అనుకుంటాం, నిజానికి మధ్యలో ఎనిమిది రోజులే. జనవరి, ఫిబ్రవరి తేదీ కనిపిస్తే ఒక ఏడాది కలిపి చూడండి.

ఎక్కడైనా విసుగొస్తే కొన్నాళ్లు ఫ్లోరెన్స్ పుస్తకాలకు మారండి. 1494లో యానుస్ లాస్కరిస్ (వ్యాకరణం రాసిన ఆయన కాదు, వేరే ఆయన) సంపాదకత్వంలో లొరెన్సో దె అలోపా అచ్చువేసిన గ్రీకు పద్యాల సంకలనంలో పద్యాలన్నీ పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి, అతుకుల గొడవే లేదు.

చెయ్యి తిరిగాక మీకు ఇప్పటికే తెలిసిన రచన ఏదైనా తీసుకుని, పక్కన ఆధునిక ప్రతి పెట్టుకుని చదవండి. తేడా కనిపించగానే అచ్చుతప్పు అనేయొద్దు. ఆ సంపాదకుల ముందు ఏ చేతిరాత ప్రతి ఉంటే అదే అచ్చయింది. 1498లో మార్కుస్ ముసురుస్ సిద్ధం చేయగా అల్డుస్ వేసిన అరిస్టోఫనీస్‌లో తొమ్మిది నాటకాలే ఉన్నాయి. ఆయన ఇంకో నాటకం లిసిస్ట్రాటా కోసం అందులో వెతక్కండి, అది 1516లో ఫ్లోరెన్స్‌లో జుంటా వాళ్ల ప్రెస్సు నుంచి వచ్చింది.